నైజర్ నది కాలువల కింద డచ్ సాయం ఏం చేసింది?

ప్రశ్న: "డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎమ్మే చేస్తున్నాను. యూరప్ దేశాలు ఆఫ్రికాకు ఇచ్చే సాయమంతా చివరికి వాళ్ల కన్సల్టెంట్ల జీతాలకూ, అక్కడి అధికారుల జేబుల్లోకీ పోతుందని మా క్లాసులో సగం మంది అంటారు. ఒక దాత దేశాన్నీ ఒక పశ్చిమాఫ్రికా దేశాన్నీ తీసుకుని నిజంగా ఏం జరిగిందో చెప్పగలరా? ఆ రంగంలో పనిచేయాలంటే ఏం నేర్చుకోవాలి?"

నేను ఇరిగేషన్ ఇంజనీరును. మా ఊరు గోదావరి డెల్టాలో. ఉద్యోగంలో తొలి ఏళ్లు అనంతపురం జిల్లాలో బోర్ల మీద పనిచేశాను. తర్వాత 2006 నుంచి 2011 దాకా విడతలు విడతలుగా మాలి దేశంలో ఉన్నాను. కాబట్టి నెదర్లాండ్స్, మాలి గురించే చెబుతాను, అందులోనూ ఒకే ఒక్క కాలువ వ్యవస్థ గురించి. ఖండం మొత్తానికి ఒకే మాటలో తీర్పు చెప్పడం కుదరదు. ఒక కాలువను పట్టుకుని ఇరవై ఏళ్లు వెంట నడిస్తే సాయం ఎక్కడ పట్టిందో, ఎక్కడ జారిందో కనిపిస్తుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. అక్కడ సాయం పనిచేసింది. కాలువలు బాగుచేసినందుకు కొంత ఫలితం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఫలితం ధాన్యం ధర, నూర్పిడి యంత్రం, నీటి తీరువా లెక్క, ఈ మూడూ రైతు చేతికి వచ్చినందువల్ల వచ్చింది. దాత దేశం మధ్యలో విసుగుపడి వెళ్లిపోకుండా దీర్ఘకాలం అక్కడే ఉండటం వల్లే ఆ మూడూ సాధ్యమయ్యాయి.

ముందు ఆ చోటు సంగతి. నైజర్ నది గినీ కొండల్లో పుట్టి, సముద్రం వైపు రాకుండా ఈశాన్యంగా సహారా వైపు పోయి, అక్కడ వంపు తిరిగి మళ్లీ దక్షిణానికి వస్తుంది. ఆ వంపుకు ఎగువన సెగూ పట్నం దాటాక మార్కాలా దగ్గర ఫ్రెంచివాళ్లు ఆనకట్ట కట్టారు. 1934లో మొదలుపెట్టి 1947లో పూర్తిచేశారు. అంతకు ముందే, 1932లో, ఒఫీస్ దు నిజేర్ అనే సంస్థను పెట్టారు. దాని సూత్రధారి ఎమిల్ బెలిమ్ అనే ఇంజనీరు. ఫ్రాన్సు మిల్లులకు పత్తి, పశ్చిమాఫ్రికా కాలనీలకు బియ్యం పండించడానికి దాదాపు పది లక్షల హెక్టార్లు తడపాలన్నది పథకం. ఆనకట్ట నది మట్టాన్ని పైకెత్తుతుంది. నీరు పంపుల అవసరం లేకుండా పల్లానికి తనంతట తానే పారి, ఎప్పుడో ఎండిపోయిన నది పాత పాయల్లోకి చేరి, అక్కడి నుంచి కాలువలకు పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టి పెరిగినవాళ్లకు ఈ ఏర్పాటు చూడగానే అర్థమైపోతుంది.

దాని వెనకున్న కథ మాత్రం మన డెల్టాకు పూర్తిగా వేరు. కాలువలు తవ్వింది వెట్టి కూలీలు. ఆయకట్టులో స్థిరపరిచిన జనాన్ని దూరప్రాంతాల నుంచి తరలించారు. ఇప్పటి బుర్కినా ఫాసో నుంచి తెచ్చిన మోసి తెగ కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. భూమి రైతుది కాదు, ఒఫీస్‌ది. ఏ పంట వేయాలో, ఎప్పుడు వేయాలో, ఎవరికి అమ్మాలో అన్నీ ఒఫీసే చెప్పేది. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక కుర్చీల్లో మనుషులు మారారు గానీ రైతుతో వ్యవహరించే పద్ధతి అలాగే ఉండిపోయింది.

1980ల మొదట్లో లెక్క చూస్తే, పది లక్షల హెక్టార్లు అనుకున్న చోట సాగులో ఉన్నది యాభై అరవై వేలు. పత్తిని 1970 ప్రాంతంలోనే ఎత్తేశారు. కాలువల నిండా పూడిక, గడ్డి. మడి చదును చెడిపోయి ఒక మూల మోకాల్లోతు నీరు నిలిస్తే ఇంకో మూల నేల బీటలు వారేది. నాట్లు లేవు, విత్తనం వెదజల్లడమే. హెక్టారుకు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల ధాన్యం వస్తే గొప్ప. ఆ వచ్చిన ధాన్యాన్ని కూడా సర్కారు కట్టిన ధరకు ఒఫీస్‌కే ఇచ్చేయాలి. బయట అమ్మకుండా 'ఆర్థిక పోలీసు' అనే దళం దారులు కాసేది. దొరికితే బస్తాలు జప్తు.

ఆ ఆయకట్టులోని నియోనో పట్నం దగ్గర ఒక పల్లెలో డెబ్బై దాటిన పెద్దాయన నాకు తన ఇంటి వెనక గది చూపించాడు. మట్టి ఇటుకల గోడకు లోపలి వైపు ఇంకో గోడ ఉంది. రెంటికీ మధ్య జానెడున్నర సందు. పోలీసులు తిరిగే రోజుల్లో పిల్లల తిండికి ధాన్యం ఆ సందులో పోసి పైన మట్టి మెత్తేవాళ్లమని చెప్పాడు. సందులో చెయ్యి పెట్టి అడుగున తడిమి, ఊక కలిసిన మట్టి గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. పండించిన మనిషి తన తిండిగింజల్ని దొంగసొత్తులా దాచుకోవడం ఎంత అవమానమో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ గది నుంచి బయటికొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

డచ్ వాళ్లు 1982లో అడుగుపెట్టింది ఇలాంటి ఊళ్లలోకే. ప్రాజెక్టు పేరు ఆర్పోన్. ఒఫీస్ కింద చిన్న రైతుల వరిసాగును మెరుగుపరచడం అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటలకు అది పొట్టి పేరు. నాలుగేళ్లకు, 1986లో, ఫ్రాన్సు డబ్బుతో పక్కనే రెటాయ్ అనే ప్రాజెక్టు వచ్చింది. ఒకే ఆయకట్టు, ఒకే నీరు, రెండు వేర్వేరు దారులు. మీలాంటి విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. రెటాయ్‌లో కాలువలు పూర్తిగా తిరగగట్టి, పొలాలు యంత్రాలతో చదును చేసి, ఖర్చుకు వెనకాడకుండా పని చేశారు. దానికి బదులుగా రైతుకు షరతులు పెట్టారు: నాట్లు వేయాలి, కొంత భూమిలో రెండో పంట తీయాలి, కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదు. ఆర్పోన్ దారి చవక దారి. నీరు అదుపులోకి రావడానికి అవసరమైనంత మేరకే కాలువలు బాగుచేయడం, మడి లోపలి గట్లూ చదునూ రైతుకే వదిలేయడం. అదే డబ్బుతో ఎక్కువ ఊళ్లకు నీరందుతుంది.

ఏది గెలిచిందని అడిగితే, ఒకదాని పక్కన ఇంకొకటి ఉండటమే గెలిచిందంటాను. రెటాయ్ పొలాల్లో నాట్ల మీద వచ్చిన దిగుబడి కళ్లారా చూసి, ఏ షరతూ లేని ఆర్పోన్ వైపు రైతులు కూడా నాట్లకు దిగారు. పొట్టి రకం వరి బీజీ 90-2 శ్రీలంక నుంచి వచ్చి ఎరువుకు బాగా స్పందించింది. 1990ల మొదట్లో పసుపు మచ్చల వైరస్ తెగులు దాన్ని దెబ్బతీసింది. అప్పుడు మాలి పరిశోధకులు తమ కొగొని కేంద్రంలో తయారుచేసిన కొగొని 91-1 అక్కరకొచ్చింది. అక్కడి జనానికి గంబియాకా అనే పాత బియ్యం రుచి అంటే ప్రాణం. కొత్త రకానికి ఆ రుచి ఉంది కాబట్టి రైతులు దానికి 'గంబియాకా సురుని' అని పేరు పెట్టుకున్నారు. బంబారా భాషలో సురుని అంటే పొట్టిది. మన ఊళ్లలో విత్తనానికి రైతులు పెట్టుకున్న పేరు సర్కారు నంబరు కంటే ఎలా నిలిచిపోతుందో అక్కడా అంతే.

ఇక నూర్పిడి. అంతకు ముందు ఒఫీస్ తన పెద్ద యంత్రాలను తన వీలునుబట్టి పంపి, కూలి కోసుకుని, ధాన్యం అక్కడికక్కడే తూకం వేసి పట్టుకుపోయేది. యంత్రం ఎప్పుడొస్తుందో తెలియక కుప్పలు కళ్లాల్లోనే ఉండేవి. ఆర్పోన్ కింద వోటెక్స్ అనే చిన్న నూర్పిడి యంత్రం వచ్చింది. అది డచ్ కంపెనీదే. సాయం పేరుతో తమ సరుకే అమ్ముకున్నారని మీ క్లాసులో ఎవరైనా అంటే ఆ మాటలో నిజముంది. తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. అదే యంత్రాన్ని నియోనోలోని వర్క్‌షాపులో బిగించడం మొదలైంది, విడిభాగాలూ మరమ్మతులూ అక్కడి మెకానిక్కుల చేతికొచ్చాయి. యంత్రం గ్రామ సంఘానిది, కూలి కూడా సంఘానికే. ఆ డబ్బుతో ఊళ్లు బడులు, మందుల కొట్లు కట్టుకున్నాయి. కళ్లంలో తూకం వేసేవాడు ఊరివాడే కావడంతో, ఎంత పండిందో మొదటిసారి ఊరికి తెలిసింది.

ధర సంగతి కాలువ కంటే కష్టమైనది, ఎందుకంటే అది రాజకీయం. దాతలు ఒత్తిడి పెట్టారు, మాలి ప్రభుత్వంలోనే మార్పు కోరినవాళ్లు గట్టిగా నిలబడ్డారు. 1984లో ఆర్థిక పోలీసు వ్యవస్థ పోయింది, ఆ తర్వాత ధాన్యం వ్యాపారం మెల్లగా అందరికీ తెరుచుకుంది. ఊరూరా వడ్లు ఆడే చిన్న హల్లర్ మిల్లులు లేచాయి. 1991 మార్చిలో మూసా త్రావొరే నియంతృత్వం కూలింది, రైతు సంఘాలు బాహాటంగా నోరెత్తాయి. 1994 జనవరిలో మాలి వాడే కరెన్సీ సీఫా ఫ్రాంకు విలువను సగానికి తగ్గించారు. దిగుమతి బియ్యం ఖరీదై మాలి బియ్యం రాజధాని బమాకో మార్కెట్లో తల ఎత్తుకుంది. ఇందులో డచ్ వాళ్ల గొప్పతనమేమీ లేదు. అయితే ఆ అవకాశం వచ్చేనాటికి కాలువలో నీరు, చేలో నాట్లు, కళ్లంలో యంత్రం సిద్ధంగా ఉన్నాయి. అదే ఏడాది ఒఫీస్‌ను కూడా మార్చారు. మిల్లులు, వ్యాపారం వదిలేసి నీరు, భూమి చూసుకునే సంస్థగా మిగిలింది. వేలల్లో ఉన్న సిబ్బంది వందల్లోకి వచ్చారు. ప్రభుత్వం, ఒఫీస్, రైతు ప్రతినిధులు ముగ్గురూ సంతకం పెట్టే ఒప్పందం మొదలైంది. 1982 నుంచి ఇరవై ఏళ్లలో హెక్టారు దిగుబడి దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. ఆఫ్రికాలో పెద్ద కాలువల కింద ఇలాంటి మలుపు చాలా అరుదు.

నాకు అన్నిటికంటే నచ్చింది నీటి తీరువా ఏర్పాటు. మన దగ్గర తీరువా వసూలు ఎంత అధ్వానమో మీకు తెలిసే ఉంటుంది. నేనున్న కాలంలో అక్కడ హెక్టారు వరికి 67,000 సీఫా ఫ్రాంకులు కట్టేవాళ్లు, అంటే 102 యూరోలు. వసూలు చాలా ఏళ్లు తొంభై శాతం పైనే. కట్టనివాడి పొలం తీసేసుకుంటారు. అది కఠినమైన నిబంధన, దానివల్ల కన్నీళ్లు పెట్టిన కుటుంబాలనూ చూశాను. కానీ భయం ఒక్కటే కారణమైతే వసూలు ఆ స్థాయిలో ఉండదు. వచ్చిన డబ్బులో సగం ఆ ప్రాంతపు పిల్లకాలువల నిర్వహణకే ఖర్చు చేయాలి. ఏ కాలువలో ముందు పూడిక తీయాలో, ఎవరికి కాంట్రాక్టు ఇవ్వాలో, పని సరిగా జరిగిందో లేదో రైతు ప్రతినిధులూ ఒఫీస్ ఉద్యోగులూ సమానంగా ఉన్న కమిటీ తేల్చాలి. ఒక మీటింగులో కూర్చున్నాను. తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన చిన్న నోటుబుక్కు తీసి, కాంట్రాక్టరు బిల్లులో రాసిన పొడవు తాను అడుగులు వేసి కొలిచిన పొడవు కంటే ఎక్కువగా ఉందని చూపించాడు. ఇంజనీరు లేచి వాదించలేదు. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని అందరూ కాలువ గట్టు మీదికి వెళ్లారు. బిల్లు తగ్గింది.

కాలువ తూము దగ్గర ఇంకో వివరం. అక్కడ చాలా చోట్ల తూముకు స్క్రూ షట్టరు ఉండదు. వరసగా చిన్న ఇనుప తలుపులుంటాయి, ఒక్కో తలుపు సెకనుకు ఇన్ని లీటర్లని నిర్ణయించి ఉంటుంది: 30, 60, 90. తలుపు తెరిచి ఉంటే అంత నీరు, మూసి ఉంటే సున్నా. కాలువ మట్టం కాస్త అటూ ఇటూ అయినా లెక్క పెద్దగా మారదు. చదువు రాని రైతు కూడా గట్టు మీద నిలబడి తన కాలువకు ఎంత వస్తోందో చూసి చెప్పగలడు. మన దగ్గర లస్కరు షట్టరును ఎన్ని చుట్లు తిప్పాడన్న దాని మీదే చివరి భూముల బతుకు ఆధారపడుతుంది. ఆ ఇనుప తలుపుల ఫొటో ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

ఇప్పుడు తప్పుల సంగతి, ఎందుకంటే ఇవి దాతల రిపోర్టుల్లో వెనక పేజీల్లో ఉంటాయి. మొదటిది అప్పులు. గ్రామ సంఘానికి ఉమ్మడి పూచీ మీద ఎరువుల అప్పు ఇచ్చారు. 1990ల మధ్యకొచ్చేసరికి కొందరు పెద్దలు కట్టని బాకీ మొత్తం ఊరి మీద పడింది. కట్టినవాళ్లకూ మరుసటి ఏడు ఎరువు దొరకలేదు. చాలా సంఘాలు చీలిపోయి చిన్న చిన్న బృందాలయ్యాయి. నాకు తోచినంతలో తప్పు డబ్బులో లేదు, చదవడం రాయడం వచ్చిన ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే లెక్కల పుస్తకం ఉండటంలో ఉంది. ఆర్పోన్ బంబారా భాషలో అక్షరాస్యత తరగతులు నడిపింది. అవి అప్పుల కంటే పదేళ్లు ముందు నడవాల్సింది.

రెండోది ఆడవాళ్ల సంగతి. వోటెక్స్ రాకముందు తూర్పారబట్టడం ఆడవాళ్ల పని, దానికి కూలిగా ధాన్యం దొరికేది. యంత్రంతో ఆ గింజలు పోయాయి. వరి మడులు దాదాపు అన్నీ మగవాళ్ల పేరు మీదే ఉన్నాయి. ఆడవాళ్లు నాట్ల కూలికీ చిన్న ఉల్లి తోటలకూ మళ్లారు. ఎండాకాలం నియోనో వైపు వెళితే ఊరికి అర కిలోమీటరు ముందే దంచి ఎండబెట్టిన ఉల్లి వాసన ముక్కుకు తగులుతుంది. ఒకామె ఉల్లిముద్దలను చాప మీద తిరగేస్తూ, "ఈ డబ్బు నాది, వరి డబ్బు ఆయనది" అంది. ఒక ప్రాజెక్టు నూర్పిడిని లెక్కగట్టేటప్పుడు ఆదా అయిన శ్రమను మాత్రమే రాసి, పోయిన కూలిని రాయకపోతే ఏమవుతుందో ఆమె మాటలో ఉంది. ఇవి కాక, కాలువ నీటి వల్ల వచ్చే బిల్హార్జియా (నీటి నత్తల ద్వారా సోకే పరాన్నజీవి జబ్బు), మలేరియా ఉన్నాయి. వాటిని చూసే ఆరోగ్యశాఖ వేరు, కాలువల సాయం వేరు, రెంటి మధ్య సమన్వయం తక్కువ.

మీ క్లాసులో వాళ్ల ప్రశ్నకు వస్తాను. డబ్బు తిరిగి వాళ్ల దగ్గరికే పోతుందా? కొంత పోతుంది. విదేశీ నిపుణుడి జీతం, ఇల్లు, జీపు అన్నీ సాయం లెక్కలోనే ఉంటాయి. నా ఫీజూ అందులోనే ఉంది. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో చెప్పింది. నెదర్లాండ్స్ 1975 నుంచి 2012 దాకా ఆ మాట నిలబెట్టుకుంది. అది మామూలు విషయం కాదు. ఆ తర్వాత తగ్గించుకుంది. మీరు చూడాల్సింది ఎంత ఇచ్చారన్న అంకెతో పాటు, నిపుణులు వెళ్లిపోయాక ఆ పని ఎవరు చేస్తున్నారన్నది. వోటెక్స్ బిగించే మెకానిక్కు మాలివాడే. కొగొని విత్తనం చేసింది మాలివాళ్లే. బిల్లు కొలిచింది రైతే.

మనకూ డచ్ సాయంతో అనుభవముంది. 1995 నుంచి 2003 దాకా ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఏపీవెల్ ప్రాజెక్టు వాళ్ల డబ్బుతోనే నడిచింది. కొందరు సన్నకారు రైతులు కలిసి ఒకే బోరు వాడుకోవడం, భూగర్భ జలమట్టాన్ని రైతులే కొలుచుకోవడం అక్కడ మొదలయ్యాయి. 2003లో భారత ప్రభుత్వం చిన్న దాతల నుంచి నేరుగా సాయం తీసుకోబోమని నిర్ణయించింది. నెదర్లాండ్స్ ఆ జాబితాలో పడింది. జలమట్టం కొలిచే పని తర్వాత ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా కొనసాగింది. చాలు అని చెప్పగల దేశానికీ, చెప్పలేని దేశానికీ సాయం ఒకేలా ఉండదు. బమాకోలో బడ్జెట్ మీటింగుల్లో కూర్చున్నప్పుడు ఆ తేడా నాకు బాధగా తెలిసేది. 1997లో మన రాష్ట్రం చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టినప్పుడు నేను ఎంతో ఆశపడ్డాను. తీరువాలో వాటా, ఖర్చు మీద అధికారం ఏటేటా నిక్కచ్చిగా సంఘాల చేతికి వచ్చి ఉంటే మన చివరి భూములు ఈ రోజు ఇలా ఉండేవి కావని గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మాలిలో పరిస్థితి బాగాలేదు. 2012 మార్చిలో సైనిక తిరుగుబాటు జరిగింది, చాలామంది దాతలు సాయం ఆపేశారు. తర్వాతి ఏళ్లలో సాయుధ ముఠాలు మధ్య మాలిలోకి దిగాయి. 2020 అక్టోబరులో నియోనో ప్రాంతంలోని ఫరబుగు అనే ఊరిని చుట్టుముట్టి, జనాన్ని పొలాలకు పోనివ్వలేదు. కోతకొచ్చిన వరి చేలోనే ఉండిపోవడం ఏమిటో రైతుకే తెలుస్తుంది. 2022 నవంబరులో ఫ్రాన్సు అభివృద్ధి సాయాన్ని నిలిపేసింది. వెంటనే మాలి సైనిక ప్రభుత్వం ఫ్రెంచి నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థలను నిషేధించింది. అయినా మార్కాలా నుంచి నీరు ఇంకా పారుతూనే ఉంది, నియోనో బియ్యం బమాకోకు పోతూనే ఉంది.

చివరగా, ఏం నేర్చుకోవాలని అడిగారు. ఫ్రెంచి తప్పనిసరి. మాలిలోనే కాదు, పశ్చిమాఫ్రికాలో చాలా దేశాల్లో ఫైళ్లు అందులోనే ఉంటాయి. డబుల్ ఎంట్రీ పద్దులు రాయడం, చదవడం నేర్చుకోండి. గ్రామ సంఘం పుస్తకం చూసి బాకీ ఎక్కడ ముదురుతోందో పట్టుకోగలిగితే మీ థియరీ పేపర్లన్నిటికంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒక పంటకాలం మొత్తం, నారుమడి నుంచి నూర్పిడి దాకా, మన ఊళ్లోనే ఏదో ఒక కాలువ చివరి భూముల్లో గడిపి రండి. ఏ ప్రాజెక్టు రిపోర్టు చేతికొచ్చినా ముందు రసీదు పుస్తకం ఎవరి దగ్గరుందో చూడండి. ఇంకా, బయలుదేరే ముందే బంబారా కొంచెం నేర్చుకోండి. 'జీ' అంటే నీళ్లు, 'మాలో' అంటే వరి, 'ఫొరో' అంటే పొలం. ఈ మూడు మాటలతోనే నియోనోలో మొదటి రోజు నన్ను ఒక రైతు కాలువ గట్టు మీద కూర్చోబెట్టి, పొద్దుగూకేదాకా తన మడి గురించి చెప్పాడు.